కాశీలో వదలని సాంబ్రాణి

మా అత్తగారు కాశీలో కాకరకాయ వదిలేశారు.

కాశీ వెళ్ళినవాళ్ళు తమకు బాగా ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి రావాలనీ, ఆ తర్వాత బతికినంతకాలం దాన్ని ముట్టకూడదనీ మన ఇళ్ళలో ఆచారం కదా. మామగారు నిజాయితీగా మామిడిపండు వదిలేసి వచ్చి, ప్రతి ఎండాకాలం మేమంతా రసాలు జుర్రుకుంటుంటే అటు తిరిగి కూర్చునేవారు. అత్తగారికి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కాకరకాయ గిట్టదు. దాన్నే వదిలేసి వచ్చారు. "దేవుడికే టోపీ పెట్టిన మహాతల్లి మీ అత్తయ్య" అని మామగారు నాతో అంటుండేవారు. "ఏదో ఒకటి వదలమన్నారు, వదిలాను. ఇష్టమో కాదో ఆయనేమన్నా తిని చూశాడా?" అని ఆవిడ నవ్వేసేవారు.

తెనాలిలో మా ఇల్లు బస్టాండు నుంచి మార్కెట్టు వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంది. కింద రెండు కొట్లు అద్దెకిచ్చి, పైన మేం ఉండేవాళ్ళం. మావారిది ఎరువుల కొట్టు, తండ్రి తర్వాత ఆయనే చూసుకుంటున్నారు. నేను సంగం జాగర్లమూడి బళ్ళో లెక్కల టీచర్ని. నేను చెబుతున్న రోజులకు, అంటే రెండువేల మూడో నాలుగో సంవత్సరానికి, మా రోడ్డు మీద రిక్షాలు కనుమరుగై షేరు ఆటోలు నిండిపోయాయి. డీజిల్లో కిరసనాయిలు కలిపి నడుపుతారని ఊళ్ళో అందరూ అనేవారు. నిజమో కాదో నాకు తెలియదు గానీ, వాటి వెనకనుంచి వచ్చే పొగ చూస్తే నమ్మక తప్పేది కాదు. పొద్దున తడిగుడ్డ పెట్టి తుడిచిన గచ్చు మధ్యాహ్నానికి అరికాళ్ళకు నల్లగా అంటుకునేది. తులసి ఆకు కడిగితే గాని తీర్థంలో వేయడానికి లేదు. డాబా మీద ఆరేసిన తెల్లచీర పొద్దుగూకేసరికి ముసలిదైపోయేది.

అయినా అత్తగారికి ఆ రోడ్డంటే ప్రాణం. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగడం మానేశాక ఊరినే తన దగ్గరికి రప్పించుకున్నారు. బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ, పక్కన తాడు కట్టిన చిన్న బుట్ట. పూలమ్మాయి మల్లెలు, బండివాడు మిరపకాయ బజ్జీలు, కింద జిరాక్సు కొట్టాయన పొద్దుటి పేపరు, అన్నీ ఆ బుట్టలోనే పైకి వచ్చేవి. దారిన పోయేవాళ్ళు తలెత్తి "ఏం మామ్మగారూ, టిఫినయిందా?" అని అడగాల్సిందే. అడగనివాళ్ళను ఆవిడే ఆపి అడిగేవారు. పొద్దున బాల్కనీ, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం బజ్జీ, రాత్రి సీరియలు. ఒంటికి నడక అనేది లేదు. ఆ మాట నేనంటే, "మీ లెక్కల పుస్తకంలో ఉందా ఏంటి నడవమని?" అనేవారు.

దీపాలవేళ మాత్రం ఆ కుర్చీ ఖాళీ అయ్యేది. ఆటోలు ఎక్కువగా తిరిగే సమయం అది. ఆవిడ లేచి రోడ్డువైపు కిటికీలన్నీ మూసేసి, కొబ్బరిచిప్ప ముక్కలు స్టవ్ మీద ఎర్రగా కాల్చి ఇత్తడి గిన్నెలో వేసుకుని, సాంబ్రాణి పొడి చల్లుకుంటూ గదిగదికీ తిరిగేవారు. "కిరసనాయిలు కంపు కొట్టే ఇంట్లోకి లక్ష్మీదేవి ఎలా వస్తుందే?" అన్నది ఆవిడ ప్రశ్న. పొగ దట్టంగా పట్టి, దేవుడి గది గుమ్మం కూడా కనపడనంత అయ్యాక గాని ఆవిడకు తృప్తి ఉండేది కాదు.

అసలు ఆ సాంబ్రాణి లక్ష్మీదేవి కోసం కంటే మామగారి కోసమే ఎక్కువనుకుంటాను. ఆయన కొట్టు కట్టేసి ఇంటికి వచ్చి, మెట్లెక్కుతూ చివరి మెట్టు మీద ఒక్క క్షణం ఆగేవారు. గుండెల నిండా గాలి పీల్చి "అమ్మయ్య, ఇల్లొచ్చింది" అని అప్పుడు చెప్పులు విడిచేవారు. పురుగుమందుల వాసనలో పొద్దంతా గడిపిన మనిషికి అది ఎంత సుఖమో! ఆయన పోయాక కూడా ఆవిడ సాంబ్రాణి మానలేదు. మావారు కూడా తండ్రిలాగే ఆ మెట్టు మీద ఆగి ముక్కుతో గాలి పీల్చడం మొదలుపెట్టారు. అది గమనించి అత్తగారు మర్నాటి నుంచి ఇంకో చెంచా పొడి ఎక్కువ చల్లడం నేను చూశాను.

మామగారు పోయిన రెండో కార్తీకంలో ఆవిడకు దగ్గు పట్టుకుంది. మొదట మిరియాల కషాయం, తర్వాత తులసి రసం, ఆ తర్వాత తమలపాకు, తేనె. నెల తిరిగేసరికి దగ్గు కాస్తా ఆయాసమైంది. బాల్కనీ నుంచి వంటింటికి వస్తే ఊపిరి అందేది కాదు. ఛాతీలో పిల్లికూతలు పక్కగదిలోకి వినిపించేవి. కబుర్లతో రోడ్డంతా ఏలిన మనిషి, మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తెచ్చుకోవడం చూస్తే నాకు ఏడుపొచ్చేది.

డాక్టరు గారు పెద్దాయన, ఓపికున్న మనిషి. ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి అన్నీ అడిగారు. "ఇంట్లో పొగ ఏమన్నా ఉందా అమ్మా? కట్టెల పొయ్యి? ఎవరన్నా సిగరెట్ కాలుస్తారా?"

"లేదండి. వంట గ్యాసు మీదే" అన్నాను నేను.

"మా ఇంటావంటా లేదండి సిగరెట్టు" అన్నారు మావారు.

"మా ఇంట్లో పొగెక్కడిదండీ బాబూ, ఉన్నదంతా రోడ్డు మీదే" అన్నారు అత్తగారు ఆయాసపడుతూ.

ముగ్గురం ఒకేసారి, ఒకే ధైర్యంతో చెప్పాం. అబద్ధమాడాలని కాదు. సాంబ్రాణి పొగ అవుతుందని మాకు తట్టనే లేదు. పొగ అంటే పొయ్యిది, బీడీది, ఆటోది. సాంబ్రాణి అంటే ధూపం. దేవుడికి వేసేది మనిషికి చెడు చేస్తుందని ఎవరనుకుంటారు?

డాక్టరు గారు మాత్రలు, ఒక ఇన్‌హేలరు రాశారు. దాన్ని చూడగానే అత్తగారి మొహం మాడిపోయింది. "ఒకసారి అలవాటైతే ఇక చచ్చేదాకా వదలదట" అని దాన్ని చేతిరుమాల్లో చుట్టి హ్యాండ్‌బ్యాగు అడుగున పడేశారు. దాని బదులు కఫం కరుగుతుందని పొద్దున పూట కూడా సాంబ్రాణి వేయడం మొదలుపెట్టారు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందన్న సామెత మా ఇంటికే పుట్టినట్టుంది.

బాపట్లలో ఆవిడ తమ్ముడు ఉన్నారు. సూర్యలంక వైపు నుంచి వచ్చే సముద్రపు గాలి తగిలితే మంచిదని మావారు అక్కడ దింపి వచ్చారు. మూడు వారాల తర్వాత నేను వెళ్ళి చూస్తే నమ్మలేకపోయాను. ఎదురొచ్చి నా చేతిలో సంచి ఆవిడే తీసుకున్నారు. సాయంత్రం మరదలితో కలిసి గుడిదాకా నడిచి వెళ్ళి వస్తున్నారట. ఛాతీలో పిల్లి ఏమైపోయిందో తెలియదు. అయినా ఫిర్యాదులు మాత్రం తగ్గలేదు. "ఊరు కాదే ఇది. రోడ్డు మీద మనిషే కనపడడు. మా మరదలు చూశావా, అగరొత్తి ఒక్కటి గుచ్చి దండం పెడితే దేవుడి పనయిపోయినట్టే. సాయంత్రమైతే ఇల్లు ఇల్లులాగే ఉండదు" అని నా చెవిలో చెప్పారు. ఆవిడ నోటి వెంట ఒక్క ఆయాసం లేకుండా ఇన్ని మాటలు వచ్చినందుకు నేను సంతోషించాను. ఆ మాటల్లోనే అసలు సంగతి ఉందని నాకేం తెలుసు?

తెనాలి తిరిగి వచ్చిన వారం లోపలే మళ్ళీ మొదలైంది. ఈసారి మరీ ఎక్కువగా వచ్చింది. ఒక సాయంత్రం ఆవిడ పెదాలు నల్లబడితే ఆటోలోనే ఆస్పత్రికి పరిగెత్తాం. అదే ఆటో పొగ దారి పొడుగునా మా మొహాలకు కొట్టింది. మావారు ఆ రాత్రి పళ్ళు బిగించి, "ఈ రోడ్డే మా అమ్మని చంపుతుంది. ఇల్లు అమ్మేసి బాపట్లలో కొంటాను" అన్నారు. నాకూ వేరే దారి కనపడలేదు. బట్టల కొట్టు పెడతామని అడుగుతున్న ఒక పార్టీకి కబురు వెళ్ళింది.

అత్తగారు ఏడవలేదు, అరవలేదు. బాల్కనీలో కూర్చుని, బుట్ట తాడు చేతికి చుట్టుకుంటూ, "ఇక్కణ్ణుంచి తీసుకెళితే దగ్గు పోతుందిరా. దాంతో పాటు నేనూ పోతాను" అన్నారు. మావారు తల వంచుకుని కొట్టుకు వెళ్ళిపోయారు.

ఇల్లు కొలుచుకోవడానికి ఆ పార్టీ ఒక శనివారం వస్తామన్నారు. ఆ కొలతలు ఆవిడ కంటపడకూడదని మావారి బాధ. బాపట్ల పంపుదామంటే తమ్ముడింట్లో రంగులు వేయిస్తున్నారు. మిగిలింది రేపల్లెలో మా పుట్టిల్లు. ఆ మాట అనగానే అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "వియ్యాలవారింట్లో మకామా? మగపెళ్ళివారు ఆడపెళ్ళివారింటికి గాలి మార్పుకి వెళ్ళారంటే వినడానికెలా ఉంటుంది?" అన్నారు. రెండు రోజులేనని, నేనూ ఉంటానని బతిమాలి ఒప్పించాను.

ఇంకోపక్క మా అమ్మకు అంతకంటే పెద్ద కంగారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు వియ్యపురాలు మొదటిసారి నిద్ర చేయడానికి వస్తున్నారు, ఏ లోటూ జరగకూడదు. ఫోన్ చేసి ఆవిడ కాఫీలో పంచదార ఎంత, కూరలో కారం ఎంత, దిండు ఎత్తుదా పల్చనిదా, అన్నీ అడిగింది. చివర్లో, "సాయంత్రం పూట ఏమన్నా అలవాటుందా?" అంది. "సాంబ్రాణి లేకపోతే ఆవిడకి తోచదమ్మా" అన్నాను నేను.

రేపల్లె పాసింజరు తీరికైన బండి. కొత్తగా కోసిన చేల మధ్య నుంచి, ప్రతి స్టేషన్లోనూ కుశలప్రశ్నలు అడుగుతున్నట్టు ఆగి ఆగి వెళ్ళింది. అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని జామకాయలు కొనుక్కుని తిన్నారు. ఎదురు సీటావిడ కూతురు కాపురం కథంతా భట్టిప్రోలు వచ్చేలోపే రాబట్టారు. ఆయాసం లేదు. మా పుట్టింటి పెరట్లోకి వెళ్ళి, వెనక మళ్ళ మీదుగా వస్తున్న గాలికి నిలబడి "హాయిగా ఉందండీ వదినగారూ" అని మా అమ్మతో అన్నారు. మా అమ్మ మొహం వెలిగిపోయింది.

చీకటి పడుతుండగా దోమలు వస్తాయని మా అమ్మ తలుపులు, కిటికీలు మూసేసింది. వంటింట్లో నుంచి రెండు చేతుల్తో పెద్ద మట్టి మూకుడు పట్టుకుని వచ్చింది. నిండా నిప్పులు. కొట్టువాడి దగ్గర మేలురకం సాంబ్రాణి అడిగి మరీ తెప్పించిందట. గుప్పెడు చల్లి, ఇల్లంతా తిప్పి, గౌరవంగా తెచ్చి వియ్యపురాలి కుర్చీ పక్కనే పెట్టింది. "మీకు ఇష్టమని అమ్మాయి చెప్పిందండి" అంటూ ఇంకో గుప్పెడు చల్లింది. అత్తగారి కళ్ళు మెరిశాయి. ఆ వాసనకు ముందుకు వంగి చీర చెంగుతో పొగను తలకు కూడా పట్టించుకున్నారు.

పట్టుమని పది నిమిషాలు కాలేదు. దగ్గు వచ్చింది. ఆ వెంటనే పిల్లికూతలు. చూస్తుండగానే ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని ఊపిరి కోసం పెనుగులాడటం మొదలుపెట్టారు. నేను హ్యాండ్‌బ్యాగు తిరగేసి ఇన్‌హేలరు తీశాను. వియ్యపురాలి ఎదుట దాన్ని నోట్లో పెట్టుకోవడం ఇష్టంలేక ఆవిడ తల అడ్డంగా ఊపారు. "తర్వాత తిడుదురు గాని, ముందు పీల్చండి అత్తయ్యా" అని అరిచాను. జన్మలో ఆవిడ మీద అరవడం అదే మొదలు. పీల్చారు. మా అమ్మ, నేను చెరోపక్క పట్టుకుని పెరటి వరండాలోకి తీసుకువచ్చాం. మా అమ్మ మంచినీళ్ళకని లోపలికి పరిగెత్తింది.

చల్లగాలి తగిలింది. కాసేపటికి ఊపిరి కుదుటపడింది. ఎదురుగా చీకట్లో మళ్ళు, ఎక్కడో కప్పలు. ఆవిడ అటు చూసి, మెల్లగా నా వైపు తిరిగారు.

"అమ్మాయ్. ఇక్కడ ఆటోలు లేవుగా?"

"లేవత్తయ్యా."

"బాపట్లలో మా మరదలు సాంబ్రాణి వేయదుగా?"

బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికామని అప్పుడు తెలిసింది. వీధిలో పొగ లోపలికి రాకుండా కిటికీలు బిగించుకుని, లోపల మేమే పొగ వేసుకుని, పూటపూటా అందులో ఆవిణ్ణి కూర్చోబెట్టాం. డాక్టరు గారు అడిగితే లేదన్నాం.

ఇంతలో మా అమ్మ నీళ్ళు తెచ్చి, "ఏం జరిగిందండీ? నా వల్లేమన్నా పొరపాటా?" అని ఏడుపు గొంతుతో అడిగింది. అత్తగారు తలచుకుంటే ఆ క్షణంలో మా అమ్మను జీవితాంతం కుంగదీయగలరు. మగపెళ్ళివారికి అంతకంటే మంచి సందు ఏం దొరుకుతుంది? ఆవిడ నీళ్ళు తాగి, పెదాలు తుడుచుకుని, "ఏం లేదండీ వదినగారూ. రైల్లో జామకాయలు తిన్నాను, పడలేదు" అన్నారు. తర్వాత నవ్వుతూ, "మీరేదో పొమ్మనలేక పొగబెట్టారని ఊరంతా చెబుతాలెండి" అన్నారు. మా అమ్మ ఏడుపులోనే నవ్వేసింది. మా అత్తగారి మీద నాకు ఎన్నో కోపాలు ఉండేవి. ఆ వరండాలో సగానికి సగం కరిగిపోయాయి.

ఆదివారం తెనాలి వచ్చేసరికి ఇంటి కొలతలు అయిపోయాయి. సంగతంతా మావారికి చెప్పాం. మర్నాడు ముగ్గురం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కోప్పడలేదు. "ఆ ఆటో పొగ కూడా మంచిది కాదు తల్లీ. ఊపిరితిత్తుల్ని అది పాడుచేస్తూనే ఉంటుంది. కానీ దాన్ని నేను ఆపలేను, మీరూ ఆపలేరు. ఇంట్లోది ఆపితే సగం భారం తగ్గుతుంది. ఇన్‌హేలరు వాడండి, కాస్త నడవండి" అన్నారు. "నడవమని లెక్కల పుస్తకంలో ఉందా అంటారండి" అని నేను ఫిర్యాదు చేశాను. అత్తగారు నా వైపు ఒక్క చూపు చూశారు.

మంచం వెనకవైపు గదిలోకి మార్చాం. పొద్దున్నే, ఆటోలు లేవకముందు, నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెనక వీధిలో నడవడానికి ఒప్పుకున్నారు. పేపరు ఇచ్చే జిరాక్సాయన, బుట్టలో పూలు వేసే అమ్మాయి, ఆవిడ నేల మీద నిలబడి ఉండటం చూసి మొదట పోల్చుకోలేదు. ఇల్లు అమ్మడం లేదని ఆ పార్టీకి చెప్పడానికి మావారు ఫోన్ తీస్తే, "ఇటివ్వు, నేను చెప్తా" అని లాక్కుని ఆవిడే చెప్పారు. ఆయాసం లేకుండా చాలాసేపు చెప్పారు. అవతలాయన ఇంటి విషయాలు కూడా నాలుగు కనుక్కుని గాని పెట్టలేదు.

డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి వచ్చిన ఆ సాయంత్రమే, నేను బడి నుంచి వచ్చేసరికి అత్తగారు ఇత్తడి గిన్నె ముందు పెట్టుకుని చింతపండుతో తోముతున్నారు. ఏళ్ళ తరబడి పట్టిన మసి. లోపలి ఇత్తడి పచ్చగా బయటపడుతోంది. భయమేసి, "ఏంటత్తయ్యా ఇది?" అన్నాను.

"కంగారుపడకు. వదిలేశానులే" అన్నారు. కాసేపు తోమాక, తల ఎత్తకుండానే, "కాశీలో కాకరకాయ వదిలి మీ మామగార్ని నవ్వించాను. ఇది నిజంగా వదిలానే. చాలా కష్టంగా ఉంది" అన్నారు.

నేను పక్కన కూర్చుని గిన్నె కడగడానికి నీళ్ళు పోశాను. ఆ గిన్నెను తుడిచి, దేవుడి గదిలో పటం ముందు పెట్టి, బుట్టలో వచ్చిన చామంతులు దాన్నిండా పోశారు. రోడ్డువైపు కిటికీలు ఆటోల రద్దీ తగ్గేదాకా మూసి, వెనకవైపువి మాత్రం బార్లా తెరిచి ఉంచాం. దీపం పెట్టాం. చామంతుల వాసన గుమ్మందాకా రాలేదు. ఇంట్లో ఏ వాసనా లేదు.

మావారు కొట్టు కట్టేసి వచ్చారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడుతోంది. చివరి మెట్టు దగ్గర అది ఆగిపోయింది. తండ్రిలాగే ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. చెప్పులు విడవలేదు, లోపలికి రాలేదు. సంగతి తెలిసిన మనిషే, అయినా అక్కడ అలాగే నిలబడిపోయారు.

దేవుడి గదిలో నుంచి అత్తగారు, ఊపిరి ఎక్కడా తెగకుండా, గట్టిగా పిలిచారు.

"ఇల్లొచ్చిందిలేరా. లోపలికి రా."